వచ్చినారాయప్ప

నమోదు 61. భరణి కార్తె.

నీళ్ళ తిత్తులు రెండున్నాయి, అందులో ఒకటి సగానికి దిగింది. గాలిపడవ వచ్చేదాకా స్నానాలు బంద్. పగలంతా నేలగదిలోనే. పైకి వెళితే చెప్పు మెత్తబడి బండకు అంటుకుంటోంది.

మడమ వాపు తగ్గలేదు. మొన్న గుట్ట దిగుతూ ఎలుక కన్నంలో కాలు పెట్టాను. ఈ నేల మీద అడుగుకో కన్నం ఉంది. కుక్కల జబ్బు వచ్చి కుక్కలూ తోడేళ్ళూ నక్కలూ ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయాక ఎలుకలకు అడ్డే లేకుండా పోయింది, కొర్ర చేలల్లో సగం వాటి పాలే అవుతోంది. అదృష్టవంతుణ్ణి చూసి నక్కతోక తొక్కాడంటారు కదా. నేను రెండేళ్ళుగా, పట్నంలోని పరిశోధన కేంద్రం మళ్ళీ పుట్టించిన నక్కల మధ్యే కాపురం చేస్తున్నాను. తొక్కింది మాత్రం ఎలుక కన్నం.

కాబట్టి ఆడనక్క సుభద్ర ఉండే గుంత దగ్గరికి హనుమక్క ఒక్కతే వెళుతోంది. హనుమక్కది గుట్ట కింద ఉన్న ఎర్రకొట్టాల ఊరు. వయసు యాభై దాటింది. వక్కాకు నములుతూ ఎంతసేపైనా కదలకుండా కూర్చోగలదు, నాకు అది చేతకాదు. ఆమె మెడలో కేంద్రం వాళ్ళిచ్చిన బిళ్ళ ఉంటుంది. ఏ నక్క కనిపించినా దాని పేరు, అది చేస్తున్న పని నోటితో చెబితే చాలు, బిళ్ళ దాన్ని అక్షరాలు చేసి ఇక్కడ నా పలక మీదికీ, పట్నంలో కేంద్రానికీ పంపుతుంది. గొంతు దాచిపెట్టదు. జనం గొంతులు దొంగిలించి మోసాలు చేసిన రోజుల తర్వాత వచ్చిన చట్టం అది. కెమెరాలు పెట్టి చూశాం, ఈ దుమ్ముకు వారం కూడా బతకలేదు.

సుభద్ర ఈనింది. గుంతలో నాలుగు పిల్లలున్నట్టు హనుమక్క చూసింది. నాకు పొద్దుటి నుంచి కాలు నొప్పి గుర్తు రాలేదు.

నమోదు 63. భరణి కార్తె.

పనులు: పరీక్ష పట్టీలు ఎండకు పాడవకుండా కుండలో పెట్టడం, సుభద్ర పాత మెడపట్టీని కడిగి ఆరేయడం.

మెడపట్టీ తీసి పద్ధెనిమిది రోజులయింది. మా నక్కలు గాజు పెట్టెల్లో పుట్టినవి. మంచుగదిలో దాచిన కణాల నుంచి పుట్టించి, రబ్బరు తిత్తితో పాలు పట్టి పెంచారు. అవి తల్లి పొట్టకు ఆనుకుని పడుకోలేదు, తండ్రి కక్కిన కూడు తినలేదు. అలాంటివాటిని రెండింటిని ఒకచోట వదిలితే బస్టాండులో మనుషుల్లా ఎటువాళ్ళు అటు తిరిగి కూర్చుంటాయి. అందుకని మెడపట్టీలో జోడుచుక్కలు పెట్టారు. ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ కలిపిన మందు. రెండు పూటలా ఒక్కో చుక్క ఒంట్లోకి దిగుతుంది, ఎదురుగా ఉన్న దాని వాసన మనసుకు పడుతుంది.

వెనకటి నక్కలకు ఈ భాగోతం అవసరం లేదు. ఒకసారి జోడు కడితే ఏ ఒకటో చచ్చేదాకా అదే జోడు. రెండూ కలిసి సరిహద్దు తిరిగేవి, ఒకటి తడిపిన పొదనే రెండోదీ తడిపేది, ఒకటి ఊళ ఎత్తుకుంటే రెండోది అందుకునేది. పిల్లలు పుట్టాక మొదట్లో తల్లి గుంత వదలదు. మగది వేటాడి, కడుపులో మోసుకొచ్చి, దాని ముందు కక్కితేనే దానికి తిండి. ఆ రోజుల్లో మగదాని ఒంట్లో కూడా పాలిచ్చే తల్లుల్లో ఊరే రసం ఊరుతుంది. మగది రాకపోతే తల్లి ఎండిపోతుంది, పిల్లలు ఆరిపోతాయి. జోడు అంటే ఇంత పని.

ఏడు జతల్ని వదిలాం. పట్టీ తీసిన వారం లోపలే ఆరు జతలు విడిపోయాయి. మిగిలింది సుభద్ర, ఎర్రిస్వామి. నక్కలకు ఊరివాళ్ళ పేర్లు పెడితే ఊళ్ళో మమకారం పెరుగుతుందని కేంద్రంలో ఎవరికో బుద్ధి పుట్టి, ఈ చుట్టుపక్కల పాత ఓటరు జాబితా లోంచి పేర్లు ఎత్తారు.

ఈ చుక్కలే పట్నంలో మనుషులకూ అమ్ముతారు. నా పెళ్ళిలో తలంబ్రాల పళ్ళెం పక్కనే సీసా ఉంది. నాలుగేళ్ళు నేనూ నిరంజనూ పూటకో చుక్క వేసుకుని చిలకా గోరింకల్లా ఉన్నాం. తర్వాత ఓసారి ఓడరేవు మూతపడి సరుకు రాలేదు. నెల తిరక్కుండానే ఇద్దరం ఒకరినొకరు చూసుకుని, ఈ మనిషెవరబ్బా అనుకున్నాం. గొడవ పడలేదు. పుస్తకాలు పంచుకుని, టీ తాగి విడిపోయాం. కనీసం కోపం కూడా రాలేదే అని నాకు ఇప్పటికీ కోపం.

అందుకే నాకు ఈ జత కావాలి. చుక్క లేకుండా ఒక్క జత నిలబడితే చూడాలని ఉంది. ఇది ఉద్యోగం కోసం రాస్తున్న మాట కాదు.

నమోదు 66. కృత్తిక కార్తె.

పలక మీద వారం నుంచి పడుతున్న రాతలు ఇవాళే వరసగా చదివాను: "సుభద్ర గుంత తావ పండుకోనుండాది. వచ్చినా. రాయప్ప." "ఎలక తెచ్చినా. రాయప్ప." "సుభద్ర మొగం నాకుతాండా. రాయప్ప."

దాని కింద యంత్రం తీసిన సారాంశం: రాయప్ప, గుంత వద్ద ప్రతిరోజూ. ఎర్రిస్వామి, ఒక్కసారీ కనిపించలేదు.

రాయప్ప అంటే విడిపోయిన ఆరు జతల్లో ఒక మగది. తన ఆడదాన్ని వదిలేసి వాగు దాటి పోయింది. అది ఇక్కడ చేరిందన్నమాట. ఎర్రిస్వామి ఏడోవాడుగా జారుకున్నాడన్నమాట. నేను పలకను మంచం మీదికి విసిరాను. అది పగల్లేదు, ఎందుకంటే ప్రభుత్వానిది.

హనుమక్క తెచ్చిన మగనక్క పెంటకు పరీక్ష పట్టీ పెట్టాను. పట్టీ ముదురు నీలానికి తిరిగింది. అంటే తండ్రి రసం నిండా ఊరుతోంది. నిన్నగాక మొన్న వచ్చిన పరాయి మగదానికి, తనవి కాని పిల్లల మీద ఇంతలా ఊరుతుందా? లెక్క కుదరలేదు. రాయప్ప ఒంట్లో పాత చుక్కల మందు ఇంకా మిగిలి ఉందేమో అని రాసుకున్నాను. రాసిన నాకే అది అతకలేదు.

నమోదు 67. కృత్తిక కార్తె.

హనుమక్క సాయంత్రం రాగిసంగటి తెచ్చింది. తింటూ అడిగాను.

"గుంత దగ్గరికి వస్తున్నది ఎవరు హనుమక్కా?"

"ఇంగెవరొస్తారు పాపా, మొగుడే" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

అప్పుడే ఆ రాయప్ప మొగుడు కూడా అయిపోయాడా అనుకుని సంగటి ముద్ద మింగాను. మళ్ళీ అడిగాను. "ఎర్రిస్వామి సంగతి ఏమైనా తెలిసిందా? ఎటు పోయాడో, ఉన్నాడో లేడో?"

హనుమక్క చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"నాకేం తెలుసు తల్లీ. తెలిస్తే ఈ గుట్టల్లో ఎందుకుంటా" అంది. సంగటి సగంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని, పోయొస్తా అని కూడా అనకుండా దిగిపోయింది.

ఒక నక్క కోసం మనిషి ఇంత బాధపడుతుందా అని ఆశ్చర్యపోయాను. నాకంటే ఎక్కువగా మనసు పెట్టుకుందనుకున్నాను.

నమోదు 70. రోహిణి కార్తె.

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. ఇప్పుడు గుట్ట మీద బండలే పగులుతున్నాయి, మధ్యాహ్నం ఆ చప్పుడు నేలగదిలోకి వినిపిస్తోంది.

మూలిగే నక్క మీద తాటిపండు పడింది. కేంద్రం నుంచి చక్రపాణి గారు మాట్లాడారు. మంచాయనే. ఆయన గొంతు వెనక ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించి ఒళ్ళు మండింది.

"ఏడో జోడు కూడా విఫలం అని తేలిందండీ, శాంభవి గారూ. సుభద్రను, పిల్లలను, ఆ రాయప్పను పట్టి తీసుకురమ్మని ఆర్డరు. వచ్చే గాలిపడవలో బోనులు వస్తున్నాయి."

"తీసుకెళ్ళి?"

"మళ్ళీ పట్టీలేనండీ. ఇక జీవితాంతం. పిల్లలు గాజు పెట్టెల్లోకి."

"కళ్ళు తెరిచి పది రోజులు కాలేదండీ వాటికి. ఇక్కడ మగది తిండి తెస్తోంది, తల్లి పాలిస్తోంది. మధ్యలో మీకేం వచ్చింది?"

"ఒకదాని మొగుడు పోయి ఇంకోడు వస్తే దాన్ని జోడు అనలేం కదండీ. రేపు వాడూ పోతాడు. ఈ పథకానికి అసలు ప్రశ్న అదే కదా, చుక్క లేకుండా నిలుస్తాయా లేదా అని. నిలవలేదు. మూసేస్తున్నారు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. సరేనన్నాను. పిల్లల్ని గుంత లోంచి తీసేటప్పుడు నేను పక్కన ఉండాలట, తల్లికి నా వాసన అలవాటు కాబట్టి.

ఏడ్చాను. ఈ నమోదు కేంద్రం వాళ్ళు చదువుతారని తెలుసు. చదవనీ.

నమోదు 71. రోహిణి కార్తె.

బోనులు పెట్టే చోటు చూసి రమ్మన్నారు కాబట్టి, కాలికి గుడ్డ బిగించి కట్టుకుని హనుమక్కతో గుంత దగ్గరికి వెళ్ళాను. పొద్దు వాలుతోంది. తంగేడు పొద చాటున కూర్చున్నాం. సుభద్ర గుంత నోట్లో తల పెట్టుకుని పడుకుంది, డొక్కలు కనిపిస్తున్నాయి కానీ కన్ను చురుగ్గా ఉంది. పిల్లలు దాని తోక పట్టుకుని లాగుతున్నాయి.

హనుమక్క నా మోచేతి మీద తట్టింది. కొంగు తల మీదికి లాక్కుని, బిళ్ళను నోటి దగ్గర పెట్టుకుని, గుళ్ళో మాట్లాడినట్టు మెల్లగా అంది.

"వచ్చినారాయప్ప."

వాగు వైపు నుంచి మగనక్క దిగింది. కుడి చెవి చివర చీలి, మళ్ళీ వంకరగా అతుక్కుని ఉంది. ఆ వంకర కుట్టు పోయినేడు నేనే వేశాను. అది ఎర్రిస్వామి.

చేతిలో పలక వెలిగింది: వచ్చినా. రాయప్ప.

"రాయప్ప ఎక్కడ?" అన్నాను.

"ఏ రాయప్ప?"

"ఇప్పుడు నువ్వే కదా అన్నావు!"

"నేనెప్పుడంటి? మా కొట్టాల్లో ఆ నత్తి రాయప్ప ఒగడుండె, సచ్చి పదేండ్లాయ. వాని పేరు నాకెందుకు పాపా?"

"వచ్చినా రాయప్ప అన్నావు."

"వచ్చినారు అంటి. వచ్చినారు, ఆయప్ప." చేత్తో చూపించింది. "ఆయప్ప. అగో."

ఆయప్ప అంటే ఇక్కడి మాటలో ఆయన. వచ్చినారు ప్లస్ ఆయప్ప, వచ్చినారాయప్ప. ఉత్వసంధి. ఏడో తరగతిలో తెలుగు మాస్టారు తొడ మెలిపెట్టి నేర్పిన సంధి. కేంద్రంలోని మహాయంత్రానికి తొడ మెలిపెట్టినవాడు ఎవడూ లేడు. దానికిచ్చిన జాబితాలో రాయప్ప ఉన్నాడు, ఆయప్ప లేడు.

నవ్వాలో తిట్టాలో తెలియలేదు, తిట్టేశాను. "నక్కకు ఆయప్ప ఏంటి, వచ్చినారు ఏంటి హనుమక్కా? మీ బావగారా? మొదటి రోజు నుంచీ ఇలాగేనా? శుభ్రంగా పేరు చెప్పి ఏడవచ్చు కదా!"

ఆమె తల దించుకుంది. "ఆ పేరు నేనెట్ల పలికేది తల్లీ. మా ఇంటాయప్ప పేరు."

అప్పుడు నాకు సంగటి గిన్నె గుర్తొచ్చింది. ఉన్నాడో లేడో అని నేను అడిగింది నక్క గురించి. ఆమె విన్నది పన్నెండేళ్ళ కిందట పనికి పోయి జాడ లేకుండా పోయిన మొగుడి గురించి. ఆ సంగతి ఊళ్ళో విన్నాను, పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. నక్కనైతే ఆమె రోజూ చూస్తూనే ఉందాయె, నేను ఇంకెవరి గురించి అడుగుతాను మరి.

ఇంతలో ఎర్రిస్వామి గుంత ముందు నిలబడి డొక్కలు ఎగరేసి ఇంత ముద్ద కక్కింది. సుభద్ర లేచి తిన్నది. తిన్నాక అది సుభద్ర మూతి, కళ్ళ చుట్టూ, చెవుల వెనక నిదానంగా నాకింది. పిల్లలు దాని నోటి కింద దూరి ఇంకా కావాలని ఒకటే పోరు. ఎవరూ ఏ చుక్కా వేయలేదు. నేను బిళ్ళనూ పలకనూ మరిచిపోయి చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఎర్రిస్వామి మూతి ఎత్తి ఊళ మొదలుపెట్టింది, సుభద్ర అందుకుంది.

నమోదు 72. రోహిణి కార్తె.

చక్రపాణి గారితో గంటసేపు. సంధి విడదీసి చెప్పాను. ఆయన నవ్వారు, తర్వాత నవ్వు ఆపేశారు.

"నాకు సంతోషంగానే ఉందండీ. కానీ మీరు చూసింది ఒక్కరోజే కదా. పోయినవాడు నిన్ననే తిరిగొచ్చి ఉండొచ్చని వాదిస్తారు. మీరు గుంత దగ్గరికి వెళ్ళడం మానినప్పటి నుంచీ వాడే ఉన్నాడని చూపించాలి."

"పెంట పంపుతాను, ఎవరిదో తేల్చుకోండి."

"గాలిపడవ తెచ్చి, ప్రయోగశాల చూసి చెప్పేసరికి వారాలు పడుతుందండీ. ఎల్లుండే బోనులు వస్తున్నాయి."

"అయితే ఆ రాతల్లో రాయప్ప ఉన్నచోటల్లా నేను ఎర్రిస్వామి అని దిద్దుతాను."

"మీరు దిద్దకూడదు. చూసిన మనిషే దిద్దాలి. తన నోటితో, ఏ నక్కను చూసిందో పేరు పెట్టి చెప్పాలి. ఒక్కో నమోదుకు ఒక్కోసారి."

"నక్క పేరే మార్చేద్దాం. పుల్లయ్య అందాం."

"రేపటి నుంచి పుల్లయ్య అవుతుందండీ. నిన్నటికి మాత్రం ఎర్రిస్వామే."

ఫోను పెట్టేసి హనుమక్కకు అంతా చెప్పాను. ఒక్క పేరు పలికితే ఆ తల్లీ పిల్లలూ ఇక్కడే ఉంటాయి, లేకపోతే ఎల్లుండి బోనెక్కుతాయి అన్నాను. ఆమె వింటూ వక్కాకు మడిచింది, నోట్లో పెట్టుకోకుండా మళ్ళీ విప్పింది.

"నా వల్ల కాదు పాపా. మొగుని పేరు పలికితే ఆయుస్సు తగ్గుతాది."

నాకు ఒళ్ళు తెలియలేదు. "పన్నెండేళ్ళుగా జాడ లేని మనిషికి ఇంకా ఏం ఆయుస్సు హనుమక్కా?" అనేశాను.

ఆమె అరవలేదు. ఆకు మడుస్తూనే చెప్పింది. ఎర్రిస్వామి బందరు పక్కన సముద్రపు గోడ పనికి పోయాడు. గోడ తెగింది. చాలామంది కనిపించలేదు, శవాలు కూడా దొరకలేదు.

"కాగితం తెచ్చిరి. పోయినాడని వేలిముద్ర ఎయ్యమనిరి. అందరు ఆడోళ్ళూ ఏసి బొట్టు తీసేసిరి. నేను ఎయ్యలేదు. యాడో ఉండే మనిషికి ఇంత సంగటి చేసి పెడతానా, కాళ్ళు పిసుకుతానా? నా చేతనయ్యేది పేరు పలకకుండా ఉండేదొగటే. పన్నెండేండ్లుగా అదొగటే చేస్తాండా ఆయప్పకు. అది గూడా ఇడిసిపెట్టమంటావా?"

నాకు సిగ్గేసింది. నాలుగేళ్ళు సీసా పట్టుకుని కాపురం చేసినదాన్ని, ఈ మనిషికి బుద్ధి చెప్పబోయాను. వద్దులే హనుమక్కా, పోనీ అన్నాను. నిజంగానే అన్నాను. ఆమె వెళ్ళాక మాత్రం గుంతలో నాలుగు మూతులు కళ్ళ ముందు మెదిలి అన్నం తినబుద్ధి కాలేదు.

నమోదు 73. రోహిణి కార్తె.

హనుమక్క పనికి రాలేదు, బిళ్ళ నిన్ననే నా గదిలో వదిలేసి పోయింది. పొద్దున పలక మీద ఒక్క అక్షరం పడలేదు. కుంటుకుంటూ నేనే గుంత దగ్గరికి వెళ్ళాను. ఎర్రిస్వామి రెండుసార్లు తిండి తెచ్చింది. బిళ్ళకు పేరు పెట్టి చెప్పాను, అది రాసింది. నా ఒక్కదాని రెండు రోజుల మాట చాలదని తెలిసి కూడా చెప్పాను.

నమోదు 74. రోహిణి కార్తె.

పొద్దున్నే దక్షిణాన గాలిపడవ చుక్కలా కనిపించింది. మేకులు, తాళ్ళు తీసి బయట పెట్టాను. అది ఆగేది మా గది పైనే కాబట్టి కట్టెయ్యాల్సింది నేనే.

అప్పుడు హనుమక్క గుట్ట ఎక్కుతూ కనిపించింది. తలంటుకుంది. రూపాయి కాసంత బొట్టు పెట్టుకుంది, ఎప్పుడూ పెట్టుకునేదానికి రెండింతలు. వచ్చి నేలగది మెట్టు మీద కూర్చుంది.

"పెండ్లయిన దినం గడపలో నిలబెట్టి, పేరు చెప్తేనే లోపలికి రానిస్తామనిరి. ఒగసారి చెప్తి. ఆడబిడ్డలంతా నగిరి. అంతే, మల్ల ఎప్పుడూ పలకలేదు" అంది.

నేను తాడు చుట్టడం ఆపి పక్కన కూర్చున్నాను.

"గోడ పనికి లారీ ఎక్కేటప్పుడు సంచి మరిచిపాయ ఆయప్ప. నేను సంచి ఎత్తుకోని వెనకాల పరిగెత్తితి. పేరు పెట్టి ఎట్ల పిలిచేది, ఊరంతా ఉండారు. 'ఇదో, ఇదో' అంటి. లారీ సప్పుడుకు ఇదో అంటే ఎవురికి ఇనపడతాది? తిరిగి గూడా సూడలేదు." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఆ నక్క గూడా పడవెక్కి పోతాదంటివి. రాత్రంతా నాకు లారీనే కండ్ల ముందర. ఇట్ల తే ఆ బిళ్ళ."

బిళ్ళకు దిద్దుబాటు చెప్పాను. అది పాత నమోదులు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది, దానికి అలవాటైన ఆ చల్లటి గొంతుతో. "భరణి కార్తె, ఎనిమిదో రోజు. గుంత దగ్గరికి ఎవరు వచ్చారు?"

హనుమక్క పెదవులు కదిలాయి. గొంతు రాలేదు.

"వినపడలేదు. మళ్ళీ చెప్పండి."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎర్రి..." అంది.

"ఎర్రి అనే పేరు జాబితాలో లేదు. మళ్ళీ చెప్పండి."

"నీ జాబితా తగలబడ" అన్నాను నేను.

"తగలబడ అనే పేరు జాబితాలో లేదు."

హనుమక్కకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. నవ్వుతూ, ఏడుస్తూ, కొంగు తీసేసి అంది. "ఎర్రిస్వామి."

"నమోదు అయింది. భరణి కార్తె, తొమ్మిదో రోజు. గుంత దగ్గరికి ఎవరు వచ్చారు?"

"ఎర్రిస్వామి."

"ఎలుక ఎవరు తెచ్చారు?"

"ఎర్రిస్వామి."

మొదటి నాలుగైదు ముల్లు పీకినట్టు వచ్చాయి. తర్వాత బిళ్ళ అడగడం, ఆమె చెప్పడం. సుభద్ర మొగం ఎవరు నాకారు, ఎర్రిస్వామి. పిల్లల పక్కన ఎవరు పండుకున్నారు, ఎర్రిస్వామి. గాలిపడవ దిగింది. బోనులు పట్టుకుని దిగిన ఇద్దరు మనుషులకు నేను నోటి మీద వేలు పెట్టి చూపించాను, వాళ్ళు బోనులు కింద పెట్టి అక్కడే నిలబడ్డారు. హనుమక్క వాళ్ళను చూడలేదు. మెట్టు మీంచి లేచి నిలబడి చెబుతోంది, గొంతు పెరిగింది. కృత్తిక కార్తెకు వచ్చేసరికి బిళ్ళ అడగడం పూర్తయ్యేలోపే పేరు పిలిచేస్తోంది, గుట్ట అవతల ఉన్న మనిషికి వినపడేలా. ఊళ్ళోకి వినపడుతుందన్న సిగ్గు కూడా ఆమెకు లేదు. నేను గోడకు ఆనుకుని ఏడుస్తున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను, కొంత సంతోషం, చాలావరకు అసూయ.

"నమోదులన్నీ పూర్తయ్యాయి. ధన్యవాదాలు" అంది బిళ్ళ.

కాసేపటికి చక్రపాణి గారు మాట్లాడారు. "ఒప్పుకున్నారండీ. ఆర్డరు రద్దు. చుక్క లేకుండా నిలిచిన మొదటి జోడు అని రాస్తున్నాను." ఫ్యాను చప్పుడు ఈసారి వినిపించలేదు. ఆయనే ఆపేశారో, నాకే వినిపించలేదో.

బోనుల మనుషులు నీళ్ళ తిత్తులు దించి, బోనులు మళ్ళీ ఎక్కించి వెళ్ళిపోయారు. నేను కొత్త తిత్తి విప్పి, చెంబు నిండా నీళ్ళు ముంచి హనుమక్కకు ఇచ్చాను. ఆమె సగం తాగి చెంబు దించింది. గొంతు బొంగురుపోయింది.

"ఇన్ని తూర్లు పిలిస్తి గదా పాపా, మా ఎర్రిస్వామికి ఈ పొద్దు ముద్ద గొంతు దిగింటాదా?" అంది. "పొలమారీ పొలమారీ కండ్లెంబడి నీళ్ళొచ్చింటాయి. నెత్తి మీద తట్టేదానికి పక్కన ఎవురన్నా ఉండారో లేదో."